నలభై రెండో తీగ

పోయిన వారం చెప్పినదాంట్లో రెండు సంగతులు గుర్తుంటే చాలు.

ఒకటి, మా వీధికి సోలారు కరెంటు వస్తోంది. దాని బ్యాటరీలు పెట్టడానికి నా ఇంజను షెడ్డు అడుగుతున్నారు. కరెంటు పోయినప్పుడల్లా ఇరవై ఆరేళ్ళుగా ఈ వీధిని నడిపిన డీజిలు ఇంజను ఉన్న షెడ్డు అది. నలభై ఒక్క ఇళ్ళ తీగలూ అక్కడికే వస్తాయి కాబట్టి వాళ్ళకు ఇంకో చోటు పనికిరాదు. రెండు, ఈ పని నెత్తిన పెట్టుకున్నవాడు నా తోడల్లుడు. నా భార్య చెల్లెలి మొగుడు. వాడు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న లోడు పట్టిక వాడింటి గోడ మీద చూశాను. తప్పు. సగానికి సగం తప్పు. ఆ పట్టిక నమ్ముకుని బ్యాటరీలు పెడితే మొదటి రోజే వీధంతా ఆరిపోతుంది. చూసి ఎనిమిది రోజులైంది. చెప్పలేదు. చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను.

మీటింగు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, బుక్ బైండరు హాల్లో.

మూడు ఇంకా కాలేదు, కరెంటు పోయింది. మా వీధిలో అది వింత కాదు. రోజూ రెండున్నరకు పోయి ఆరింటికి వస్తుంది. మీటింగు పెట్టుకున్నవాళ్ళకు అది గుర్తులేకపోవడమే వింత.

ఇస్త్రీ షాపతను వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయ్, కాస్త ఇంజను వెయ్యి. మైకు నోరు పడిపోయింది."

"ఏం మీటింగురా?"

"నీకు తెలీనట్టు అడుగుతావేంటి? ఇంజను తీసేసే..." అని నాలిక కరుచుకున్నాడు. "అదే బాబాయ్, ఎండ మీటింగు."

"ఎండకి మైకెందుకు? బయటికెళ్ళి ఎండలోనే మాట్లాడుకోమను."

"నీతో ఎవడు వాదిస్తాడు? వెయ్యి బాబాయ్, నీకు పుణ్యముంటుంది."

వేశాను. వెయ్యకపోతే కుళ్ళుతో వెయ్యలేదంటారు. కుళ్ళు ఉన్నమాట నిజమే. అది వాళ్ళ నోట వినడం నాకిష్టం లేదు.

ఇంజను అందుకున్నాక కాసేపు దాని పక్కనే నిలబడటం నాకు అలవాటు. వీధిలో ఎవరు ఏది వేసినా దాని గొంతు దిగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ఒక్కో వస్తువుకు ఒక్కో దిగుడు. బల్బు వేస్తే ఏమీ తెలియదు. ఇస్త్రీపెట్టె వేస్తే గుటక వేసినట్టుంటుంది. పళ్ళ డాక్టరు గాలి మిషను మొదలైతే దగ్గు. బేకరీ రెండో ఓవెను పెడితే బస్తా ఎత్తుకున్నవాడి మూలుగు. నా రూలు ఇంటికి రెండు బల్బులు, ఒక ఫ్యాను. అంతకు మించి వాడితే తీగ కోసేస్తాను. మొదట్లో నాలుగిళ్ళకు కోశాను. అప్పటినుంచి అందరూ తలుపులేసుకుని వాడుకోవడం నేర్చుకున్నారు. నేను విని ఊరుకున్నాను. ఇంజను మోస్తున్నంతకాలం కోయడమెందుకు? కానీ విన్నదంతా బుర్రలో ఉంది.

ఒక్క దిగుడు మాత్రం ఎవరిదో ఎప్పటికీ తెలియలేదు. రోజూ మూడింటికి మొదలై ఐదింటికి ఆగేది. చిన్నది. ఆగి ఆగి, తుమ్ము వచ్చి రానట్టు. ఏడేళ్ళు విన్నాను. వీధంతా తిరిగి వెతికాను. రెండేళ్ళ కిందట దానంతట అదే ఆగిపోయింది. ఎవరో ఇల్లు ఖాళీ చేసి ఉంటారనుకున్నాను.

చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళాను.

నా షెడ్డుకూ ఆ హాలుకూ మధ్య ఒక్క గోడ. కాగితాలు కోసే మిషనును మూలకు జరిపి దాని మీద గుడ్డ కప్పారు. నిలువెత్తు అట్టల దొంతరలు గోడలకు ఆనించి ఉన్నాయి. జిగురు వాసన. అరవై కుర్చీలు వేశారు, అన్నీ నిండాయి. వెనక వరసలో నాకొకటి దొరికింది. నా పక్కన కూర్చున్నామె కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. డీజిలు వాసన. నా భార్య ఎప్పుడూ జరగలేదు.

ముందు బల్ల దగ్గర తోడల్లుడు నిలబడి ఉన్నాడు. వాడికి కరెంటు తీగ పట్టుకోవడం నేర్పింది నేనే. పెళ్ళయిన కొత్తలో ఏ పనీ లేకుండా వస్తే నాలుగేళ్ళు నా షెడ్డులో పెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ చెయ్యి విరిగి, అతికాక రెండు వేళ్ళ వెడల్పు మేర పొట్టిదైంది. నిచ్చెన పట్టుకోవలసినవాణ్ణి నేను. ఆ మాట వాడు ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఇప్పుడు వాణ్ణి 'ఎండ మాస్టారు' అంటున్నారు. నన్ను ఇప్పటికీ 'డీజిలు బాబాయ్' అనే అంటారు.

మరదలు వాడి పక్కనే కూర్చుంది. వాడు మాట్లాడటానికి లేచినప్పుడు చొక్కా ఎడమ చెయ్యి మణికట్టు దాటి వేళ్ళ మీదికి జారింది. ఆమె అటు చూడకుండానే చెయ్యి చాచి, ఆ అంచును రెండు మడతలు పెట్టి సర్దింది. వాడు కూడా ఆమె వైపు చూడలేదు. చూడనక్కర్లేదు వాళ్ళకు. నేను చూశాను. రెండేళ్ళుగా నా చొక్కా మీద ఏ చెయ్యీ పడలేదు. మరదలి మెడ వంపు అచ్చం అక్కదే. వాడు రోజూ పొద్దున్నే లేచి ఆ మెడను చూస్తాడు. నేను లేచి ఇంజనుకు నీళ్ళు పోస్తాను.

వాడు మాట్లాడింది పావుగంట. ఇళ్ళ కప్పుల మీద పలకలు, షెడ్డులో బ్యాటరీలు, పొగ ఉండదు, చప్పుడు ఉండదు. చప్పుడు ఉండదన్నప్పుడు గోడ అవతల నా ఇంజను ఆడుతూనే ఉంది, వాడి మైకును మోస్తూ. ఎవరూ నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది.

"ఇవాళ సాయంత్రం ఐదు లోపల చోటు ఖాయం చేసి సంతకం పెట్టాలి" అన్నాడు. "లేకపోతే ఈ మంజూరు పక్క వీధికి పోతుంది. మళ్ళీ ఎప్పటికో తెలీదు. చోటు సంగతి అన్నయ్య చెప్పాలి."

అరవై తలలూ వెనక్కి తిరిగాయి. నేను కప్పు వైపు చూశాను.

అధ్యక్షుడిగా కూర్చున్న హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. రిటైరై పదేళ్ళయినా మనుషుల్ని వరసల్లో కూర్చోబెట్టే చూపు పోలేదు ఆయనకు.

"చోటు సంగతి తర్వాత. ముందు ఒక్క మాట చెప్పాలి. ఈయన ఇల్లిల్లూ తిరిగి, ఏం వాడుతున్నారని అడిగి, నలభై ఒక్క ఫారాలు నింపించాడు. నలభై ఒక్క ఇళ్ళూ దాపరికం లేకుండా చెప్పాయి. మనం ఇంతకాలం ఎవరికీ ఇలా తలుపులు తీయలేదు. నమ్మకం అంటే ఇది. మంచితనం అంటే ఇది. చప్పట్లు కొట్టండయ్యా."

కొట్టారు. ఇస్త్రీ షాపతను లేచి నిలబడి మరీ కొట్టాడు.

నిజం చెప్పారట. వాడికి. నన్ను చూస్తే కర్టెన్లు వేసుకున్నవాళ్ళు వాడికి తలుపులు తీశారట. వాడు మునుగుతుంటే ఒడ్డున కూర్చుని చూద్దామనుకున్నాను. కానీ ఆ చప్పట్లు వినలేకపోయాను.

"దాపరికం లేకుండానా?" అన్నాను.

చప్పట్లు ఆగాయి.

"ఏమయ్యా?" అన్నాడు హెడ్మాస్టరు.

"అందరూ ఒక్క నిమిషం నోళ్ళు మూసి వినండి. మైకు కట్టెయ్యండి."

విన్నారు. గోడ అవతల ఇంజను ఆడుతోంది. ఒక నిమిషం ఏమీ లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు దిగింది. బస్తా ఎత్తుకున్న మూలుగు.

"అదిగో. బేకరీ రెండో ఓవెను."

బేకరీ ఆయన మొహం పిండిలా తెల్లబడింది. "అబ్బే, అది పాతది బాబాయ్. పనిచెయ్యదు. గిన్నెలు పెట్టుకుంటున్నాం దాంట్లో."

"ఫోను చెయ్యి. మీ ఆవిడకి. ఆ గిన్నెలు దించమను."

ఆయన కదల్లేదు. పక్కనున్నవాళ్ళు ఫోను తీసి చేతిలో పెట్టారు. "ఆపు... ఆపవే... ఏదేమిటి, రెండోది... తర్వాత చెప్తాను" అన్నాడు గొంతు తగ్గించి. రెండు క్షణాలు. ఇంజను బస్తా దించుకుంది. అరవై మందీ విన్నారు.

హాలంతా నవ్వు. నేను లేచి నిలబడ్డాను.

"పళ్ళ డాక్టరుగారూ, మీ ఫారంలో గాలి మిషను రాశారా? రాయలేదు. రెండు బల్బులు, ఒక ఫ్యాను. మరి పళ్ళు ఫ్యాను గాలికి రాలుతున్నాయా? ఇస్త్రీ షాపులో ఇస్త్రీపెట్టె లేదు. అదీ రాయలేదు. ఏరా, బట్టల మీద కూర్చుని ఇస్త్రీ చేస్తున్నావా?"

"బాబాయ్, అందరి ముందూ..." అని వాడు కూర్చున్నాడు.

"మాస్టారూ, మీది కూడా చెప్పనా?"

"నాదేముందయ్యా?" అన్నాడు హెడ్మాస్టరు.

"శీతాకాలంలో మధ్యాహ్నం పూట నీళ్ళ గీజరు. మూడూ ఇరవైకి. మీరు స్నానానికి ఎప్పుడు వెళ్తారో ఈ వీధిలో మీ భార్య తర్వాత నాకే తెలుసు."

ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను ఒక్కో ఇల్లూ చెప్పుకుపోయాను. ఇరవై దాకా చెప్పాక అన్నాను: "ఫారాలన్నీ కలిపితే పంతొమ్మిది కిలోవాట్లు. అసలు లోడు ముప్ఫై నాలుగు. ఇదీ మీ నమ్మకం. ఇదీ వీడి మంచితనం."

"మేమేం చేస్తాం బాబాయ్?" పళ్ళ డాక్టరు లేచాడు. "ఆయన మీ తోడల్లుడు కదా! ఫారంలో రాస్తే రాత్రికి మీ దగ్గరికి వచ్చేస్తుందనుకున్నాం. తెల్లారేసరికి తీగ కోసేస్తారని..."

"అవును బాబాయ్" అన్నారు నలుగురు ఒకేసారి.

అదీ సంగతి. వాడికీ తలుపులు తీయలేదు. వాణ్ణి చూసినా వాళ్ళకు నేనే కనపడ్డాను. ఆ మాట నాకు తియ్యగా తగిలింది. కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది ఏం చేశానో. వాణ్ణి ముంచుదామనుకున్నవాణ్ణి, వాడి పట్టిక తప్పని నా నోటితోనే చెప్పి గట్టెక్కించాను.

తోడల్లుడు మొహంలో నేను చూద్దామనుకున్నది ఏదీ లేదు. ఎరుపెక్కలేదు, తలొంచుకోలేదు.

"అన్నయ్యా, ఇదంతా నాకు ముందే తెలుసు" అన్నాడు.

"ఇప్పుడు నేను చెప్తే తెలిసింది."

"లేదు. ముప్ఫై నాలుగు కాదు, ముప్ఫై నాలుగున్నర. బ్యాటరీలు దానికే రాశాను. గోడ మీద ఉన్నది జనం చెప్పిన పట్టిక. అసలుది వేరే ఉంది."

"తెలిస్తే మరి ఆ తప్పుడు కాగితం గోడకెందుకు తగిలించావు?"

వాడు మైకు బల్ల మీద పెట్టాడు. నాకు మాత్రమే అన్నట్టు అన్నాడు: "ఆ రోజు మీరు వచ్చి ఆ కాగితం ముందు అంతసేపు నిలబడ్డారు. మీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. వచ్చి చెప్తారేమోనని చూశాను. ఎనిమిది రోజులు చూశాను."

అందరూ విన్నారు. నా పక్కనామె మళ్ళీ కుర్చీ జరుపుకుంది.

దెబ్బ కొట్టడం కూడా నేనే నేర్పానేమో వాడికి. గుర్తులేదు.

"అసలుది ఉందన్నావు. చూపించు" అన్నాను. "ఎవరు ఇచ్చారు నీకు? ఇంజను వినగలిగినవాడు ఈ వీధిలో ఒక్కడే ఉన్నాడు."

వాడు సంచిలోంచి ఒక అట్ట తీశాడు. మందుల పెట్టె విప్పి చదును చేసిన అట్ట. లోపలివైపు నీలం సిరాతో వరసలు. దూరం నుంచే తెలిసింది. ఆ పొడుగు కొమ్ములు, ఆ సున్నాలు ముడి పడకపోవడం. బళ్ళో నాలుగో తరగతి దాకా చదివిన చెయ్యి. ఇరవై మూడేళ్ళు మా వంటింటి డబ్బాల మీద ఆ చెయ్యే రాసింది.

"వదిన రాసింది" అన్నాడు. "ఆస్పత్రిలో. సోలారు పని నేర్చుకుంటున్నానని చెప్తే, ఎప్పటికైనా మన వీధికి పెట్టాలి, పెట్టేటప్పుడు జనం మాట నమ్మొద్దు అంది. కాగితం దొరక్కపోతే ఆ మందుల పెట్టె విప్పింది."

ఆస్పత్రిలో పదిహేడు రోజులుంది. ఆరింటికి ఇంజను ఆపి వెళ్ళేవాణ్ణి. వెళ్ళేసరికి నిద్రపోతూ ఉండేది. పగళ్ళు వీళ్ళిద్దరూ వంతులు వేసుకుని కూర్చున్నారు. పదిహేడు పగళ్ళు ఆమె ఎవరితో ఏం మాట్లాడిందో నేను అడగలేదు. నాకు నిద్రలు మిగిలాయి. మాటలు వాడికి దక్కాయి.

"దానికెలా తెలుసు?" అన్నాను. "అది ఎప్పుడూ షెడ్డులోకి వచ్చింది లేదు."

ఈసారి జవాబు బేకరీ ఆవిడ చెప్పింది. ఎప్పుడు వచ్చిందో, ఓవెను ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఫ్యూజు పోతే మేం మిమ్మల్ని పిలిచామా బాబాయ్, ఎప్పుడైనా? అక్కనే పిలిచేవాళ్ళం. మీరు భోంచేసి పడుకున్నాక వచ్చి లావు తీగ వేసి వెళ్ళేది. ఏం వాడుతున్నారో చూసి, దానికి తగ్గ తీగ వేసేది. మీకు చెప్పొద్దనేది."

ఇరవై ఆరేళ్ళుగా నా లైన్ల మీద ఫ్యూజులు పోవని గొప్పలు చెప్పుకున్నాను. పోయేవట. నా వెనక కట్టేవారట.

తోడల్లుడు అట్ట పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, బేకరీ. రెండు, ఇస్త్రీ షాపు. నేను విన్న ప్రతి దిగుడూ దాంట్లో ఉంది. నేను వినలేకపోయినవి కూడా ఉన్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరు తమ ఇల్లు రాగానే తలూపారు. నలభై ఒకటి దగ్గర ఆగి అట్ట మడిచాడు.

తొందరగా మడిచాడు.

లేచి వెళ్ళి వాడి చేతిలోంచి లాక్కున్నాను. "అన్నయ్యా, అది..." అన్నాడు. విప్పాను. మడత కింద ఇంకో వరస ఉంది.

*నలభై రెండు. షెడ్డు వెనక గది. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక కుట్టుమిషను మోటారు. మూడు నుంచి ఐదు.*

తుమ్ము వచ్చి రానట్టు.

షెడ్డు వెనక గది బుక్ బైండరుది. పాత కాగితాలు పడేసి తాళం పెట్టుకున్నాడనుకునేవాణ్ణి. తల తిప్పి చూశాను. ఆయన కోత మిషను మీద గుడ్డ సర్దుతున్నాడు. సర్దడానికి అక్కడేమీ లేదు.

"ఆ గది నీదేగా?"

"నాదే. అద్దెకిచ్చాను. ఏడేళ్ళు. మీ ఆవిడకి." తలెత్తలేదు. "ఆవిడ పోయాక అద్దె అడగబుద్ధి కాలేదు. తెరవబుద్ధీ కాలేదు."

మా ఇంట్లో కుట్టుమిషను లేదు. అడిగింది ఒకసారి. మోటారు మిషను కావాలంది. వద్దన్నాను. వీధికి రూలు పెట్టినవాడి ఇంట్లోనే మోటారు తిరిగితే ఎవడు వింటాడన్నాను. మళ్ళీ అడగలేదు. ఒప్పుకుందనుకున్నాను.

మరదలు లేచి వచ్చింది. చేతిసంచిలోంచి తాళం చెవి తీసి నా ముందు బల్ల మీద పెట్టింది. ఎర్ర దారం కట్టి ఉంది దానికి.

"అక్క ఇచ్చింది బావా. ఇంజను తీసేసే రోజున ఆ గోడలో తీగ ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు మీ బావకి నువ్వే ఇవ్వు అంది. లోపల ఏం కుట్టుకునేదో నాకూ తెలీదు. ముందు చూసి రండి. సంతకం తర్వాత."

"ఇప్పుడెందుకు?" అన్నాడు తోడల్లుడు. "ముందు పని కానీ. ఐదు కావస్తోంది."

మైకులో పావుగంట వణకని గొంతు, ఆ ఒక్క మాట దగ్గర వణికింది. నేను తాళం చెవి తీసుకున్నాను.

షెడ్డు పక్కన సందు. మనిషి అడ్డంగా నడవాలి. తాళం తుప్పు పట్టింది, రెండుసార్లు తిప్పితే గానీ రాలేదు. తలుపు తోస్తే దుమ్ము. రెండేళ్ళ దుమ్ము, ఎవరి అడుగూ లేదు దాని మీద. గోడకు స్విచ్చు ఉంది. వేశాను. బల్బు వెలిగింది. ఫ్యాను కష్టంగా కదిలింది. నా మెయిన్ బోర్డు వెనక నుంచి గోడకు రంధ్రం వేసి తీసిన తీగ, శుభ్రంగా, మేకులతో వరసగా బిగించి ఉంది. నా చేతిపని కంటే బాగుంది. అలా బిగించడం ఒక్కడికే నేర్పాను.

మిషను పక్కన గుడ్డ ముక్కల సంచులు. పిల్లల గౌన్లు, దిండు గలీబులు, మడతలు పెట్టి, ధర చీటీలు గుచ్చి ఉన్నాయి. అమ్మేదన్నమాట. నాకు తెలియకుండా ఆమెకు ఒక పని ఉంది, దానికి కొనేవాళ్ళున్నారు. అంతవరకు ఓర్చుకోగలను.

మేకుకు ఒక చొక్కా వేలాడుతోంది.

మగ చొక్కా. లేత నీలం. కుట్టు పూర్తయింది, గుండీలు మాత్రం కుట్టలేదు. నా కొలత కాదు, భుజాలు చూస్తేనే తెలుస్తోంది. దులిపి, దాని రెండు చేతులూ మిషను బల్ల మీద పరిచాను. కుడి చెయ్యి పొడుగు. ఎడమ చెయ్యి పొట్టి. నా వేళ్ళు పెట్టి కొలిచాను.

రెండు వేళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ రెండేళ్ళుగానే మరదలు వాడి ఎడమ చెయ్యి మడత పెడుతోంది. అంతకుముందు ఏడేళ్ళు వాడి చొక్కాలకు మడత అవసరం లేదు. చక్కగా మణికట్టు దగ్గర ఆగేవి. బజార్లో తెలిసినవాడు కుట్టిపెడతాడని మరదలు మెచ్చుకునేది. నేను ఆ ఏడేళ్ళూ దుకాణంలో కొన్న చొక్కాలే తొడిగాను. ఒక గుండీ కూడా నా కోసం ఈ గదిలో కుట్టలేదు.

షెడ్డులోకి వెళ్ళి ఇంజను ఆపేశాను. ఇరవై ఆరేళ్ళలో వేళ కాకుండా ఆపడం అదే మొదటిసారి.

హాల్లోకి వచ్చేసరికి ఫ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి, నెమ్మదిస్తూ. ఎవరూ మాట్లాడటం లేదు. కరెంటు లేనివేళ ఇంజను కూడా లేకపోతే ఈ వీధి ఎలా ఉంటుందో వాళ్ళూ మొదటిసారి వింటున్నారు. చొక్కాను బల్ల మీద, వాడి కాగితాల మీద పెట్టాను.

తోడల్లుడు దాన్ని చూడలేదు. భార్యను చూశాడు.

"ఇంతకీ ఏమంటావయ్యా?" హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. "ఇంకో పది నిమిషాలే ఉంది. షెడ్డు ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తాను" అన్నాను.

హాలంతా ఊపిరి వదిలింది.

"వాణ్ణి ఈ చొక్కా తొడుక్కోమనండి. సరిపోకపోతే ఇప్పుడే సంతకం పెడతాను. షెడ్డు మీది, ఇంజను కూడా మీది, ఇనుము కింద అమ్ముకోండి. సరిపోయిందా, నా గుమ్మం ఎవరూ తొక్కనక్కర్లేదు."

"అన్నయ్యా, ఇది ఇక్కడ మాట్లాడేది కాదు" అన్నాడు వాడు. "ఇంటికి వెళ్ళి చెప్తాను. అంతా చెప్తాను."

"ఏం చెప్తారు?" అంది మరదలు.

అప్పటిదాకా ఆమె ఆ చొక్కానే చూస్తోంది. అక్క కుట్టు ఆమెకు తెలుసు, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సూది దగ్గర నేర్చుకున్నారు. ఎడమ చెయ్యి అంచు పట్టుకుంది, తిప్పి చూసింది, తన బొటనవేలితో కొలిచింది. తలెత్తింది. ఆ చూపు నాకు కొత్త కాదు. రెండేళ్ళుగా గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తున్నాను.

ఫ్యాన్లు ఆగిపోయాయి.

ఆమె మొగుడి దగ్గరికి వెళ్ళింది. తాను మీటింగు మొదట్లో పెట్టిన రెండు మడతలూ ఒకటి తర్వాత ఒకటి విప్పింది. చొక్కా చెయ్యి వాడి వేళ్ళ మీదికి జారింది. తర్వాత మెడ దగ్గర పై గుండీ మీద చెయ్యి వేసింది.

"తొడుక్కోండి" అంది.